బాణం గుర్తుల మధ్య ఒక వరుస

రండి, కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి. పొయ్యి మీద పాలేమైనా పెట్టి ఉంటే దించేసి రండి. నేను మొదలుపెడితే మధ్యలో ఆపలేను, మీ పాలు పొంగిపోతే ఆ పాపం నాకు వద్దు.

నిన్న రేషన్ కార్డు జిరాక్సు తీయించుకుందామని బందరు కోనేరు సెంటర్‌కి వెళ్లాను. కొట్టులో మిషను ఏదో మొరాయిస్తే, అతను వెనక గదిలో మూలన పడేసిన పాత కంప్యూటర్ ఆన్ చేశాడు. చాన్నాళ్లుగా ముట్టుకోనిదేమో, లోపలి దుమ్మంతా వేడెక్కి ఒక వాసన వచ్చింది. పసుపుకొమ్ము పొరపాటున వేడి పెనం మీద పడితే వచ్చే వాసనకి దగ్గరగా ఉంటుంది అది. ఆ వాసన తగలగానే నా కుడిచేతి చూపుడువేలు దానంతటదే పైకి లేచింది, మీట నొక్కడానికి. కొట్టతను నన్ను వింతగా చూసి "ఏం కావాలి పిన్నిగారూ" అన్నాడు. ఏం చెప్పను? కమలాంబ గారు కావాలని చెప్పనా?

మీరెవరూ ఆవిడని చూసి ఉండరు. బందరు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ముప్పై ఏళ్లకు పైగా ఆపరేటర్‌గా చేసి రిటైరైన మనిషి. పొడుగ్గా, వెదురు కర్రలా ఉండేవారు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "లైను ఖాళీ దొరకలేదు" అనేసి ఊరుకునేవారు. నేను ఈడేపల్లిలో వాళ్లింట్లో వంటకి కుదిరాను. మా ఆయన గిలకలదిండి రేవులో వలలు బాగుచేస్తాడు. నా పేరు నాంచారమ్మ. నా చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. అయితే దేవుడు ఒకటి తగ్గించి ఇంకొకటి పెంచినట్టున్నాడు, ఒకసారి విన్నది నాకు పోదు. పెళ్లిలో పురోహితుడు చదివిన లగ్నపత్రిక అయినా సరే, వీధిలో ఇద్దరు తిట్టుకున్న తిట్లయినా సరే, పదేళ్ల తరవాత అడిగినా వరస తప్పకుండా చెప్తాను. ఆ జ్ఞాపకశక్తి అంటే నాకు కాస్త పొగరు కూడా ఉండేది. ఆ పొగరు ఏం చేసిందో మీకు తెలియాలనే ఇదంతా చెప్తున్నాను.

కమలాంబ గారికి ఒక వింత సరదా ఉండేది. ఇప్పుడు అందరి ఫోన్లలో టింగుమని మెసేజీలు వచ్చి పడుతున్నాయే, అలాంటిది కాదు. ఇది చాలా పాత పద్ధతి. కంప్యూటర్ల మీద, రేడియోల మీద ఇష్టం ఉన్న మనుషులు కొందరు, ఎవరి జీతం కోసమూ కాకుండా, తమలో తాము ఉత్తరాలు రాసుకోవడానికి ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఒక ఊళ్లో ఒకాయన ఇంట్లో కంప్యూటర్ ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. మిగతా వాళ్ల కంప్యూటర్లు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దానికి ఫోన్ లైను మీద కబురు పెట్టి, వచ్చిన ఉత్తరాలన్నీ ఒక కట్టగా తెచ్చుకుంటాయి, తమ ఉత్తరాలు అక్కడ వదిలి వస్తాయి. ఆ కట్ట ఇంకో ఊరికి, అక్కణ్నించి ఇంకో ఊరికి. ఒక ఉత్తరానికి జవాబు రావడానికి రెండు రోజులు, ఒక్కోసారి నాలుగు రోజులు పట్టేది. ఎందుకమ్మగారూ ఈ తిప్పలు, ఫోన్ చేసి మాట్లాడుకోవచ్చు కదా అని నేను అడిగితే, జీవితమంతా మందిని ఫోన్లలో కలుపుతూ కూర్చున్న మనిషి, "ఫోన్‌లో ఎవడూ ఆలోచించి మాట్లాడడే" అన్నారు. వాళ్లలో వాళ్లకి అదొక కట్టుబాటు. ఒకరి ఫోన్ నంబరు ఒకరు అడగరు, ఇవ్వరు. చెప్పాల్సింది ఏదైనా కట్టలోనే రావాలి. ఆ కట్టుబాటు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మన వైపు కట్ట ఉండేది గుడివాడలో, సాంబశివరావు గారింట్లో. ఆయనకి రైసు మిల్లు సామాన్ల కొట్టు ఉంది. మంచివాడు, సాయం చేసే గుణం బాగా ఉన్నవాడు, దానికి తోడు ఎదుటివాళ్లు అడగకపోయినా చేసే గుణం. ఇక ఆ ఉత్తరాలు రాసేవాళ్లందరిలో కమలాంబ గారికి ఇష్టమైన మనిషి వీరభద్రం గారని, దివిసీమలో కోడూరు ఆయన. కాలవ లాకుల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. పాలకాయతిప్ప దగ్గర పోటు ఎంతవరకు వచ్చింది, చేలల్లోకి ఉప్పునీరు ఎక్కిందా, ఏ పక్షి కొత్తగా వాలింది, ఇవీ ఆయన రాసే సంగతులు. పన్నెండేళ్లుగా ఇద్దరూ రాసుకుంటున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. బందరు నుంచి కోడూరు బస్సులో ఓ పూట ప్రయాణం.

అలా సాగుతుండగా కమలాంబ గారికి కళ్లలో నీటికాసులని డాక్టరు చెప్పారు. ఎడమ కన్ను అప్పటికే పోయింది. కుడి కంటితో, గొట్టంలోంచి చూసినట్టు, మధ్యలో ఉన్నది మాత్రం కనిపించేది. పోయిన చూపు తిరిగి రాదు, చుక్కలు వేసుకుంటే ఉన్నది కొన్నాళ్లు నిలుస్తుంది అన్నారట. ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చి, చెప్పులు విప్పి, మంచినీళ్లు తాగి, "నాంచారీ, రేపట్నించి ఉత్తరాలు నువ్వు చదువు" అన్నారు. చేపల పులుసుకి చింతపండు నానబెట్టమన్నంత మామూలుగా. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ఆ ఉత్తరాలు తెలుగే, కానీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. అందుకని ముందు నాకు ఆ అక్షరాలు నేర్పారు. నెల రోజులు పట్టింది. నాకు పట్టుదల ఎక్కువ, ఆవిడకి ఓర్పు తక్కువ. నేను తప్పు చదివినప్పుడల్లా ఆవిడ పాత ఆపరేటర్ గొంతుతో "మళ్లీ చెప్పండి, లైను సరిగా లేదు" అనేవారు. అక్షరాలు వచ్చాయి గానీ అసలు తలనొప్పి అప్పుడు మొదలైంది. కట్ట విప్పి ఉత్తరాలు చూపించడానికి కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాం కావాలి. రీడరు అనేవారు దాన్ని. ఆవిడ వాడే రీడరు ఆవిడకి తప్ప ఇంకెవరికీ లొంగేది కాదు. నాకు తేలిగ్గా ఉండేది ఒకటి కావాలని ఆవిడ కట్టలో రాశారు. అదే మేం చేసిన పొరపాటు. ఎవరికి వాళ్లు తమది చాలా తేలికని జవాబులు రాశారు. సాంబశివరావు గారైతే రాయడం దేనికని తరవాతి ఆదివారమే గుడివాడ నుంచి బస్సెక్కి వచ్చేశారు.

ఆయన తెచ్చినది నల్ల స్క్రీను మీద తెల్ల అక్షరాలు, అంతే. మౌస్ పనిచేయదు. ఒక్కో పనికి ఒక్కో మీట, కొన్ని పనులకి రెండు మీటలు కలిపి. ఆయన వేళ్లు దాని మీద నాదస్వరం వాయించినట్టు పరిగెత్తేవి. అయిదు నిమిషాల్లో అంతా చూపించి, "చూశావా నాంచారమ్మా, ఎంత ఈజీయో. నేను ముప్పై ఏళ్లుగా ఇదే వాడుతున్నాను" అన్నారు.

"ముప్పై ఏళ్లు వాడితే ఏదైనా ఈజీయే తమ్ముడూ. నాంచారికి నేర్చుకోవడానికి ముప్పై ఏళ్లు లేవు, నాకూ లేవు" అన్నారు కమలాంబ గారు.

ఆయన నొచ్చుకుని, ఇంకొకటి ఎక్కించారు. అందులో అన్నీ రంగుల బొమ్మలు. ఉత్తరాలు ఒకదాని కింద ఒకటి కొమ్మల్లా దాక్కుని ఉంటాయి, ఒక్కో కూడిక గుర్తు నొక్కితే ఒక్కో కొమ్మ విచ్చుకుంటుంది. ఎనిమిది ఉత్తరాలు ఉన్నాయని పైన అంకె చూపిస్తుంది, వెతికితే మూడే దొరుకుతాయి. ఇంకొకటి ఎక్కించారు. అది ప్రతి మీటకీ ఇంగ్లీషులో ఏదో ప్రశ్న అడిగేది, నిజంగా నొక్కావా అన్నట్టు. నేను కోపంతో అవునని నొక్కితే ఆ రోజు ఉత్తరాలన్నీ చదివేసినట్టు లెక్క వేసుకుని మాయం చేసింది. ఇంకొక దానికి గొంతు ఉంది, అదే పైకి చదువుతుంది, ఇక నాంచారమ్మతో పనేముంది అన్నారు. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న మన తెలుగుని ఆ గొంతు చదువుతుంటే కమలాంబ గారు రెండు నిమిషాలు విని, "పంటి డాక్టరు దగ్గర నోరు తెరిచి మాట్లాడుతున్నట్టుంది, ఆపండి" అన్నారు. ఆ ఆదివారం అన్నం మాడింది, పప్పు అడుగంటింది, మధ్యాహ్నం మూడింటికి ముగ్గురం పెరుగు అన్నం తిన్నాం.

ఎవరికి తేలిగ్గా ఉండాలన్నది ఆ జవాబులు రాసిన మగవాళ్లలో ఒక్కరూ అడగలేదు. ఎంత చేయగలదో చెప్పేవారు, ఎన్ని రంగులో చెప్పేవారు. గరిటె పట్టుకున్న చేతిని కొంగుకి తుడుచుకుని వచ్చి కూర్చున్న మనిషికి మొదటి ఉత్తరం ఎక్కడుందో తెలుస్తుందా లేదా అన్నది ఎవరికీ పట్టలేదు. చివరికి ఏమైందంటారా? మొహమాటం గెలిచింది. అంత దూరం నుంచి వచ్చాడు, కట్ట ఇచ్చేదీ ఆయనే, వద్దంటే ఏం బాగుంటుందని, ఆయన మొదట తెచ్చిన ఆ నల్ల స్క్రీనే ఉంచేశాం. "బాగుంది తమ్ముడూ, అలవాటైపోతుంది" అన్నారు కమలాంబ గారు. ఆయన సంతోషంగా బస్సెక్కారు. ఆయన వెళ్లాక ఆవిడ స్టిక్కర్ బొట్ల పాకెట్టు తెప్పించి, మీటల మీద అంటించారు. ఎర్ర బొట్టు నొక్కితే తరవాతి ఉత్తరం, ఆకుపచ్చది నొక్కితే జవాబు రాయడం. నల్ల బొట్టు ఉన్నవాటి జోలికి పోకూడదు. కీబోర్డు నిండా నల్ల బొట్లే.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి, ఇది తెలియకపోతే మిగతాది బోధపడదు. ఆ ఉత్తరాల వాళ్లకి ఒక అలవాటు ఉంది. జవాబు రాసేటప్పుడు, మనం రాసిన పాత ఉత్తరాన్ని కూడా మళ్లీ పైన పెడతారు, దేనికి జవాబో తెలియడానికి. అలా పెట్టిన పాత వరుసలన్నింటికీ ముందు ఒక బాణం గుర్తు ఉంటుంది. అదంతా అయ్యాక కింద కొత్త సంగతి. ఆ నల్ల స్క్రీను మీద పాతదీ కొత్తదీ ఒకే తెల్ల రంగు. పొద్దున్నే కూర్చుంటే, నేను టైపు చేసిన ఉత్తరాన్నే నేను మళ్లీ కూడబలుక్కుంటూ చదవాలి. నాకు విసుగు పుట్టింది. నేను రాసిందే కదా, కంఠతా వచ్చిందే కదా. బాణం గుర్తు కనిపిస్తే చాలు, కళ్లు స్క్రీను మీద నుంచి తీసేసి, ఆ భాగం జ్ఞాపకం లోంచి గడగడా చెప్పేసి, బాణాలు అయిపోయిన చోట మళ్లీ చదవడం మొదలుపెట్టేదాన్ని. కమలాంబ గారు ఆశ్చర్యపోయి "ఎంత ధారాళంగా చదువుతున్నావే" అన్నారు. ఆ మాటకి నేను నాలుగు రోజులు ఉబ్బిపోయాను. నిజం చెప్పలేదు.

ఒక పొద్దున ఆవిడ వీరభద్రం గారికి ఉత్తరం చెప్పి రాయించారు. మామూలు కబుర్లన్నీ అయ్యాక కుర్చీ చేతి మీద వేలితో ఏదో గీశారు. తరవాత, "ఇది కూడా రాయి" అన్నారు. నాకు అక్షరం అక్షరం జ్ఞాపకం. "నా కుడి కన్ను కూడా ఎన్నాళ్లో ఉండదంటున్నారు. చూపు ఉండగా ఒకసారి మీ ముఖం చూడాలని ఉంది. ఎప్పుడు, ఎక్కడ అన్నది మీరు చెప్పండి." పక్షుల గురించి రెండు మాటలు చేర్చి ముగించమన్నారు. నేను టైపు చేస్తుంటే, ఆ వయసులో ఆవిడ చెవులు ఎర్రబడడం చూశాను. మనసులో పెట్టుకున్నది ఎవరినీ అడిగే మనిషి కాదు ఆవిడ. అడిగిందల్లా అదొక్కటే.

అయిదో రోజున జవాబు వచ్చింది. నేను ఎప్పట్లాగే ఎర్ర బొట్టు నొక్కి, బాణాల భాగం గడగడా అప్పజెప్పి, కింద ఉన్నది చదివాను. మురుగు కాలవలో గుర్రపుడెక్క పెరిగిపోయిందని, ఈ ఏడు కొంగలు ముందుగా వచ్చాయని, ఇట్లు వీరభద్రం అని. అంతే. కమలాంబ గారు "అంతేనా" అన్నారు. అంతేనండీ అన్నాను. ఆవిడ "సరే, కూర ఏం చేస్తున్నావు" అని అడిగారు.

ఆ తరవాత ఆ ప్రసక్తి ఆవిడ మళ్లీ ఎత్తలేదు. ఒకసారి అడిగాం, ఆయన పట్టించుకోలేదు, రెండోసారి అడిగితే ఏం మర్యాద అనుకున్నారు. వీరభద్రం గారి ఉత్తరాలు కూడా కురచైపోయాయి. రెండు వరుసలు, మూడు వరుసలు, నీళ్ల సంగతి, సెలవు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఇంత పెద్దమనిషి, ఆడకూతురు నోరు తెరిచి అడిగితే కొంగల గురించి రాస్తాడా అని వంటింట్లో గిన్నెలు ఎత్తి పడేసేదాన్ని. కమలాంబ గారు "గిన్నెలేం చేశాయే" అని కేకేసేవారు.

నెలన్నర గడిచింది. ఒక మధ్యాహ్నం ఆవిడకి కుడి కన్ను విపరీతంగా నొప్పి పుట్టి, వాంతులయ్యాయి. ఆటోలో ఆసుపత్రికి, అక్కణ్నించి బెజవాడ పెద్దాసుపత్రికి. వారం రోజులుండి వచ్చాం. వచ్చాక ఆవిడకి వెలుగూ నీడా తేడా మాత్రం తెలిసేది. కిటికీ ఎటుందో తెలుస్తుంది, కిటికీలో నిలబడింది ఎవరో తెలియదు.

సాంబశివరావు గారు చూడడానికి వచ్చారు. యాపిల్ పళ్ల సంచి పట్టుకుని కుర్చీ అంచున కూర్చుని, ఏం మాట్లాడాలో తెలియక, "మన రీడరు బాగా పనిచేస్తోందా అక్కగారూ" అన్నారు. ఆవిడకన్నా ముందు నేనే అందుకున్నాను. ఇన్నాళ్లు మొహమాటపడి దాచుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. "మీ రీడరుని నిప్పుల్లో వేయండి సార్. ఏది పాతదో ఏది కొత్తదో తెలియదు, ఏ మీట నొక్కితే ఏం పోతుందో తెలియదు. నేను అయిదో తరగతి. నాలాంటి దానికి పనికొచ్చేది మీ దగ్గర ఒక్కటీ లేదా" అన్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది. గొణుగుతున్నట్టు, "ఒకటుందమ్మా. కానీ అది మరీ చిన్నపిల్లల ఆటవస్తువులా ఉంటుంది. మీకు చూపిస్తే తక్కువ చేసినట్టవుతుందని తేలేదు" అన్నారు.

"అదే ఎక్కించు తమ్ముడూ" అన్నారు కమలాంబ గారు కళ్లు మూసుకునే.

అది ఎంత సాదాగా ఉందంటే నాకు మొదట అనుమానం వచ్చింది. తెల్లటి తెర, పెద్ద పెద్ద అక్షరాలు. నాలుగంటే నాలుగే మీటలు, ముందుకి, వెనక్కి, జవాబు, చాలు. పాత వరుసలు వెలిసిపోయిన బూడిద రంగులో, కొత్తవి ముదురు నలుపులో. నల్ల బొట్లన్నీ ఊడబీకేశాను. ఆయన పాత ఉత్తరాలన్నీ కూడా అందులోకి మార్చి, మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోయారు. తొమ్మిది నెలలు మమ్మల్ని ఏడిపించిన పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది. తేలికైనది ఇస్తే మనం చిన్నబుచ్చుకుంటామని ఆయన అనుకున్నాడు, కష్టమైనది వద్దంటే ఆయన చిన్నబుచ్చుకుంటాడని మేం అనుకున్నాం. తల ఎక్కడ కొట్టుకోవాలో చెప్పండి.

మర్నాడు పొద్దున ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు, చెయ్యి అలవాటు పడాలని పాత ఉత్తరాలు ఒక్కొక్కటే వెనక్కి తిప్పుతున్నాను. వీరభద్రం గారి కొంగల ఉత్తరం వచ్చింది. పైనంతా బూడిద రంగు, నేను టైపు చేసిన వరుసలు. ఆ బూడిద రంగు మధ్యలో, "ఎప్పుడు, ఎక్కడ అన్నది మీరు చెప్పండి" అన్న వరుసకి సరిగ్గా కింద, నల్లగా మూడు వరుసలున్నాయి. ఆయన ఎప్పుడూ ఉత్తరం చివరనే రాసే మనిషి, ఆ ఒక్కసారి ప్రశ్న కిందనే జవాబు పెట్టారు.

"ఈ మాట నేను అడగాలని ఎన్నేళ్లుగానో అనుకుంటున్నాను. వచ్చే ఆదివారం ఉదయం పదింటికి మోపిదేవి గుడి ముందు, కొబ్బరికాయల కొట్ల దగ్గర నీలం గొడుగు పట్టుకుని ఉంటాను. ఆ వారం కుదరకపోతే ఆ పై ఆదివారం కూడా వస్తాను."

ఆ రెండు ఆదివారాలూ ఎప్పుడో వెళ్లిపోయాయి. ఆ రెండు ఆదివారాలూ ఆవిడకి కుడి కన్ను కనిపిస్తూనే ఉంది. ఆయన రెండుసార్లు గొడుగు పట్టుకుని నిలబడి, ఈవిడ మనసు మార్చుకుందనుకుని, అడిగితే ఇబ్బంది పెట్టినట్టవుతుందని నోరు మూసుకున్నారు. ఆయన పట్టించుకోలేదని ఈవిడ నోరు మూసుకున్నారు. మధ్యలో నేను, గొప్ప జ్ఞాపకశక్తి ఉన్నదాన్ని. స్నానాల గదిలో చెంబు చప్పుడు వినిపిస్తోంది. ముందుకి అన్న మీట నొక్కితే ఆ ఉత్తరం తెర మీద నుంచి పోతుంది. ఆవిడకి కనిపించదు, ఎప్పటికీ తెలియదు. ఆ ఆలోచన నాకు రాలేదని మీకు చెప్పను. వచ్చింది.

ఆవిడ గోడ తడుముకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాక, కింద ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని మొత్తం చెప్పాను. బాణాల భాగం నేను ఏనాడూ చదవలేదని, చూడకుండా చెప్పేదాన్నని, ధారాళంగా చదువుతున్నానని మీరు మెచ్చుకుంటే ఊరుకున్నానని. తరవాత ఆ మూడు వరుసలూ చదివాను.

ఆవిడ తడి జుట్టు లోంచి నీళ్లు భుజం మీద పడుతున్నా తుడుచుకోలేదు. తిట్టండి అమ్మగారూ అన్నాను. "మళ్లీ చదువు" అన్నారు. చదివాను. "ఎన్నేళ్లుగానో అన్నాడా" అన్నారు. అన్నారండీ అన్నాను. ఆవిడ తల అటు తిప్పుకుని, "నువ్వు చదవలేదే నాంచారీ. అప్పజెప్పావు. పాఠం వచ్చినవాళ్లందరూ చేసే పనే" అన్నారు. ఆ గొంతులో కోపం ఉంటే నేను తట్టుకునేదాన్ని.

జవాబు ఆ పూటే రాయించారు. జరిగింది జరిగినట్టు రాయమన్నారు. నా పేరు తప్పించి రాస్తే ఊరుకోలేదు. నాలుగు రోజులు కట్ట కోసం ఎదురుచూశాం. ఒక ఫోన్ నంబరు ఉండి ఉంటే అరనిమిషం పని. నాలుగో రోజు ఆయన జవాబు ఒకే ఒక వరుస వచ్చింది. ఈ ఆదివారం, అదే చోట, అదే గొడుగు.

చల్లపల్లి మీదుగా వెళ్లే అవనిగడ్డ బస్సులో కూర్చున్నాం. ఆవిడ ఆకుపచ్చ అంచు నేతచీర కట్టుకున్నారు. దారిలో నన్ను మూడుసార్లు అడిగారు, బొట్టు సరిగ్గా ఉందా అని. అడిగిన ప్రతిసారీ ఉందండీ అన్నాను. ఈవిడని ఆయన చూస్తారు. ఆయన్ని ఈవిడ చూడలేరు. ఆ తేడాకి కారణం ఈవిడ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంది.

మోపిదేవిలో ఆదివారం రద్దీ. సర్పదోషాల వాళ్లు, చెవులు కుట్టించుకునే పసిపిల్లలు, గుండ్లు. కొట్ల దగ్గర నీలం గొడుగు దూరం నుంచే కనిపించింది. ఎండ లేకపోయినా విప్పి పట్టుకున్నారు. దగ్గరికి వెళ్లాం. ఇద్దరూ దండాలు పెట్టుకున్నారు. ఆవిడ దండం కొంచెం పక్కకి పెట్టారు, అక్కడ కొబ్బరికాయల గుట్ట ఉంది. ఆయన గబుక్కున జరిగి ఆ దండానికి ఎదురుగా నిలబడ్డారు. పన్నెండేళ్లు ఉత్తరాలు రాసుకున్న మనుషులు కుశలమా అని కూడా అనలేకపోయారు.

కమలాంబ గారు నా మోచెయ్యి నొక్కి, "ఎలా ఉన్నారే" అని అడిగారు.

నేను బాగున్నారండీ, దొరబాబులా ఉన్నారు అన్నాను. మంచి మాట, పెద్దవాళ్ల గురించి అందరం చెప్పే మాట. ఆవిడ చెయ్యి ఇంకా గట్టిగా బిగిసింది. "అలా కాదు. చూసి చెప్పు" అన్నారు.

నేను అప్పుడు ఆయన్ని చూశాను. తెలిసిన ముసలాయన ముఖంలా కాకుండా, మొదటిసారి చూసే అక్షరంలా చూశాను. "పొట్టిగా ఉన్నారండీ, మీ భుజం దాకా వస్తారు. నుదురు పెద్దది. విభూతి పెట్టుకున్నారు, ఎడమవైపు చెమటకి చెరిగింది. ఎడమ చెవి మీద తెల్ల వెంట్రుకలు నాలుగు నిక్కబొడుచుకున్నాయి. చొక్కా కొత్తది, మడత గీతలింకా పోలేదు. బొత్తాలు ఒక కన్నం తప్పి పెట్టుకున్నారు. గొడుగు పట్టుకున్న చెయ్యి లావుగా, వేళ్లు వంకరగా ఉన్నాయి."

"లాకు చక్రాలు తిప్పిన చేతులు" అన్నారు ఆవిడ. "కళ్లో?"

"మిమ్మల్నే చూస్తున్నారు. రెప్ప వేయడం లేదు. నీళ్లు తిరిగాయండీ."

వీరభద్రం గారు గొంతు సవరించుకుని, "బొత్తాం సంగతి కూడా చెప్పాలా తల్లీ" అన్నారు.

కమలాంబ గారు నవ్వారు. ఆ నవ్వు నేను ఆ ఇంట్లో అన్నేళ్లలో వినలేదు. ఆవిడ చెయ్యి నా మోచేతిని వదిలి గాలిలోకి వెళ్లింది. ఆయన ఆ వంకర వేళ్ల చేతిని దాని కిందికి తెచ్చారు. "ఇప్పుడు చూశాను" అన్నారు ఆవిడ.

ఆ తరవాత మూడేళ్లు బతికారు ఆవిడ. రోజూ పొద్దున ఉత్తరాలు చదివాను, బాణాలున్నవీ, లేనివీ, ప్రతి వరుసా వేలు పెట్టి. నెమ్మదిగా చదివేదాన్ని. ధారాళంగా ఉందని ఆవిడ మళ్లీ అనలేదు, నేనూ కోరుకోలేదు. ఆవిడ పోయి రెండేళ్లవుతోంది. నా జ్ఞాపకం ఇంకా చెక్కు చెదరలేదు, కానీ దాన్ని నేను మునుపటిలా నమ్మను. మా ఆయన బీపీ మాత్రలు పదేళ్లుగా అవే, అయినా ప్రతి అట్ట మీద పేరు కూడబలుక్కుని చదివి గానీ ఇవ్వను. మా కోడలు రోజూ అనే మాటే అన్నా, పూర్తిగా అననిచ్చి వింటాను, ఈ రోజు మధ్యలో కొత్తగా ఏదైనా పెట్టిందేమోనని. ఆలస్యం చేస్తానని ఇంట్లో అందరూ విసుక్కుంటారు. విసుక్కోనీ. నా చేతిలో రెండు ఆదివారాలు పోయాయి, ఇంకెవరివీ పోకూడదు.

ఇంతసేపు కదలకుండా కూర్చున్నారు, మీ కడుపు చల్లగుండ. మీ ఇంటికి వచ్చే మంచి కబురు ఏదీ గడప దాకా వచ్చి వెనక్కి పోకుండా ఉండాలి. మీ ఇంటిల్లిపాది కళ్లూ ముసలితనం దాకా వెలుగుతూ ఉండాలి. మీరు చూడాలనుకున్న ముఖాలు మీకు వేళకి ఎదురుపడాలి.